రాతిలో తొలి పూలు, బేగంబజార్‌లో వాటి చుట్టాలు

మీరు మూడు సంగతులు కలిపి అడిగారు. కొత్తింట్లో వేయించిన తాండూరు బండ మీద నల్లటి పూరెమ్మలాంటి ముద్ర కనిపించింది, అది శిలాజమేనా అని ఒకటి. పువ్వంత సుకుమారమైనది కోట్ల ఏళ్లు ఎలా నిలుస్తుందని రెండోది. తొలి పూలకు చుట్టాలు ఇప్పుడెక్కడైనా ఉన్నాయా, హైదరాబాద్‌లోనే పిల్లలకు చూపించే వీలుందా అని మూడోది. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి బోటనీ చెప్పిన అలవాటు నాది, కాస్త సాగదీస్తే ఏమీ అనుకోకండి.

ముందు బండ సంగతి తేల్చేద్దాం. అది పువ్వు కాదు, మొక్క కూడా కాదు. రాతి పొరల మధ్య సన్నటి సందుల్లోకి నీళ్లు దిగినప్పుడు, వాటిలో కరిగి వచ్చిన మాంగనీసు, ఇనుము అక్కడే పేరుకుని కొమ్మలు కొమ్మలుగా పాకుతాయి. దాన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దంతో చూడండి: ఆకుకు ఉండాల్సిన నడిమి ఈనె ఉండదు, తొడిమ ఉండదు, కొమ్మ కొసలన్నీ ఒకేలా చీలిపోతూ ఉంటాయి. పైగా తాండూరు సున్నపురాయి నేల మీద మొక్కలనేవే లేని కాలంలో ఏర్పడింది. మన చుట్టూ ఉన్న గుట్టల్లో వెతకడం కూడా దండగే. హైదరాబాద్ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, అదీ భూమి లోపల కరిగి చల్లారి గట్టిపడిన రాయి. అందులో ఏ శిలాజమూ ఉండదు. అయినా బండను తీయించేయకండి, ఆ ముద్ర అందంగానే ఉంటుంది.

పూలు ఎంత కొత్తవో పిల్లలకు అర్థం కావాలంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ అనే డైనోసార్ దగ్గరికి తీసుకెళ్లండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్విన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం అది, జురాసిక్ కాలపు జంతువు. అంత పెద్ద మెడ, అంత పెద్ద పొట్ట, అయినా బతుకంతా ఒక్క పండు తినలేదు, ఒక్క పువ్వు చూడలేదు. దానికి దొరికిందల్లా ఫెర్నులు, సైకస్ లాంటివి, పైన్ లాంటి సూదాకు చెట్లు. పూలు ఉండేవనడానికి ఎవరూ కాదనలేని తొలి ఆధారాలు దాని తరవాత ఎన్నో కోట్ల ఏళ్లకు, జురాసిక్ తరవాతి కాలమైన క్రెటేషియస్ మొదట్లో మొదలవుతాయి. అవి కూడా పూలు కావు, పుప్పొడి రేణువులు. దాదాపు 13 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లలో ఇజ్రాయెల్, మొరాకో, ఇటలీ ప్రాంతాల్లో దొరికాయి.

ఇక అసలు విషయం. శిలాజ పువ్వు అనగానే రాతి పలక మీద విచ్చుకున్న తామరలాంటి ముద్రను ఊహించుకుంటాం. అలాంటివి కొన్ని లేకపోలేదు. కానీ తొలి పూల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆవగింజంత బొగ్గు ముక్కల నుంచి వచ్చింది. అవును, బొగ్గు. క్రెటేషియస్ అడవుల్లో కార్చిచ్చులు ఎక్కువగా రేగేవి. మంటల కింద, గాలి సరిగా ఆడనిచోట రాలిపడి ఉన్న మొగ్గలు, పూలు బూడిద కాకుండా బొగ్గుగా మారేవి. బొగ్గును బ్యాక్టీరియా తినలేదు, అది కుళ్లదు. వాననీటికి కొట్టుకుపోయి చెరువుల అడుగున, వాగుల మలుపుల్లో ఇసుక, బంకమట్టి మధ్య చేరేది. పైన ఎంత మట్టి పడ్డా పలకలా అణిగిపోకుండా నిండు ఆకారంతో అలాగే నిలిచిపోయేది.

ఈ సంగతి లోకానికి చూపించింది స్వీడన్‌లో పని చేసిన ఎల్సె మేరీ ఫ్రీస్. 1981లో ఆమె, స్కార్బీ అనే మరో శాస్త్రజ్ఞురాలు కలిసి దక్షిణ స్వీడన్‌లో దొరికిన బొగ్గు పూల గురించి ప్రకటించారు. ఆ తరవాత పీటర్ క్రేన్, కాయ్ రౌన్స్‌గార్డ్ పెడర్సన్‌లతో కలిసి పోర్చుగల్‌లో ఇంకా పాతవి, అంటే తొలి క్రెటేషియస్ నాటివి వెలికితీశారు. పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. బంకమట్టిని బస్తాల కొద్దీ తెచ్చి నీళ్లలో నానబెడతారు, సన్నటి జల్లెళ్లలో కడుగుతారు. మిగిలిన నల్లటి నలుసులకు అంటుకున్న మట్టిని ఆమ్లాలతో వదిలిస్తారు. తరవాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, తడిపిన సన్నటి కుంచె కొసతో ఒక్కొక్క నలుసును పక్కకు తీస్తూ కూర్చుంటారు. పుల్లముక్కలు, గింజలు, పురుగుల రెట్టలు పోగా ఒకటిన్నర మిల్లీమీటర్ల పువ్వు ఒకటి దొరుకుతుంది. దాన్ని కోయనక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లోని సింక్రోట్రాన్ అనే భారీ యంత్రంలో పుట్టే చాలా బలమైన ఎక్స్‌రేలతో స్కాన్ చేస్తే అండాశయం లోపలి అండాలు, కేసరాలను అంటుకున్న పుప్పొడి అన్నీ తెర మీద తిప్పి తిప్పి చూడొచ్చు. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. డైనోసార్ ఎముక తవ్వితే పేపర్లో ఫొటో పడుతుంది, జల్లెడ పట్టిన వాళ్లను ఎవరూ పట్టించుకోరు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఉగాది పచ్చడికి దాచుకున్న ఎండు వేప పువ్వు కాస్త ఉంటుంది కదా. ఒక పాత రేకు డబ్బాలో పొడి ఇసుక పోసి, మధ్యలో ఆ పూలు పరిచి, పైన మళ్లీ ఇసుక కప్పి, మూత వదులుగా పెట్టండి. మూత బిగిస్తే డబ్బా పేలుతుంది, అది మాత్రం మరిచిపోకండి. ఆరుబయట స్టవ్ మీద పొగ ఆగిపోయేదాకా వేడి చేసి, పూర్తిగా చల్లారాక నెమ్మదిగా ఇసుక జల్లించండి. కొన్ని విరిగిపోతాయి. మిగిలినవి కాస్త ముడుచుకుని, నల్లగా నిగనిగలాడుతూ, రేకులు రేకుల్లాగే, మధ్యలో కేసరాల గొట్టం గొట్టంలాగే ఉంటాయి. వేలితో నొక్కితే పొడి అయిపోతుంది. ఆ పెళుసుదనం చూశాక పోర్చుగల్ మట్టిలో అవి ఎలా నిలిచాయా అని ఇంకా ఆశ్చర్యం వేస్తుంది.

మరి ఆ తొలి పూలు చూడ్డానికి ఎలా ఉండేవి? పిల్లలకు కాస్త నిరాశే. చాలావాటికి ఒకట్రెండు మిల్లీమీటర్లకు మించి సైజు లేదు. కొన్నిటికి రేకులే లేవు, రెండు మూడు కేసరాలు, ఒక చిన్న అండాశయం, అంతే. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన ఆర్కియోఫ్రక్టస్ 1998లో ప్రపంచమంతా పతాక శీర్షిక అయింది. మొదట దాన్ని జురాసిక్ అన్నారు, తరవాత రాతి వయసు లెక్క తేలి దాదాపు 12.5 కోట్ల ఏళ్లకు దిగింది. దానికి రేకులు లేవు. పొడవాటి కాడ మీద కింద జంటలుగా కేసరాలు, పైన కాయలు. అసలు ఆ కాడ మొత్తం ఒకే పువ్వా, లేక రేకులు రాలిపోయి చిక్కి సగమైన చిన్న పూల గుత్తా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు గుత్తి అన్నవాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది.

స్పెయిన్‌లో దొరికిన మోంట్‌సెకియా ఇంకో రకం. నూరేళ్లకు పైగా మ్యూజియం పెట్టెల్లో ఏదో నాచు మొక్కలా పడి ఉంది. 2015లో వెయ్యికి పైగా నమూనాలను మళ్లీ పరీక్షించి, ఇది నీటి అడుగునే పూసి, అక్కడే కాసే పూల మొక్క అని బెర్నార్డ్ గోమెజ్, డేవిడ్ డిల్చర్ బృందం చెప్పింది. ఒక్కో కాయలో ఒక్కటే గింజ. దానికి ఇప్పటి చుట్టం అని వాళ్లు చూపించింది సెరాటోఫిల్లమ్. మీరు ఎక్కడైనా ఆక్వేరియం దుకాణానికి వెళ్లి హార్న్‌వర్ట్ అని అడగండి, ఆకుపచ్చని ఉడత తోకలాంటి మొక్క నీళ్లలో తేలుతూ ఉంటుంది. అదే. వేళ్లుండవు, పుప్పొడి కూడా నీళ్లలోనే ప్రయాణం చేస్తుంది. మన చెరువుల్లోనూ పెరుగుతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా చవకైనది లేదు.

చుట్టాల విషయంలో ఒక చిక్కు ముందే చెప్పాలి. పేపర్లలో ‘అన్ని పూలకూ తల్లి’ అని రాసే మొక్క అంబొరెల్లా. పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా దీవిలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. ఇప్పుడున్న పూల మొక్కలన్నిటినీ వంశవృక్షంలో పెడితే, అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మ దానిదని 1999లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి, 2013లో దాని జీనోమ్‌ను, అంటే డీఎన్‌ఏ మొత్తాన్ని, చదివారు. అయినా అది తల్లి కాదు, ముత్తవ్వా కాదు. వేరు కాపురం పెట్టి ఎన్నో తరాలైన పెదనాన్నగారి వైపు మనిషి అనుకోండి. ఆ ఇంట్లోనూ అన్నాళ్లుగా మార్పులు జరుగుతూనే వచ్చాయి. పాత అలవాట్లు కొన్ని మిగిలి ఉండొచ్చు, అంతమాత్రాన మన ముత్తవ్వ ముఖం అచ్చం ఆయన ముఖమే అనలేం. అందుకే శిలాజాలు కావాలి. బతికున్న చుట్టాలను మాత్రమే చూసి తొలి పువ్వును గీస్తే సగం ఊహే అవుతుంది.

2017లో ఒక పెద్ద బృందం బతికున్న 792 జాతుల పూల లక్షణాలు పోగేసి, లెక్క కట్టి తొలి పువ్వు బొమ్మ ఒకటి తయారు చేసింది: మూడేసి చొప్పున వరసలు వరసలుగా రేకులు, మధ్యలో విడివిడి ఫలదళాలు (గింజలు కట్టే గదులు), ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ. ఆ తెల్లటి అందమైన బొమ్మ వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. ఆ లెక్కలో రంగు లేదు, సైజు లేదు, బొమ్మ వేసినవాళ్లు కలిపిందే. చూసినవాళ్లంతా సంపెంగంత పువ్వునే ఊహించుకున్నారు, జల్లెడలో దొరికినవి చూస్తే ఆ ఊహ నిలవదు.

ఇప్పుడు బేగంబజార్‌కి పదండి. బిర్యానీ మసాలా దినుసులు తలా కాస్త తీసుకోండి. ఇప్పుడున్న పూల మొక్కలు దాదాపు మూడు లక్షల జాతులు. వాటిలో అంబొరెల్లా, కలువలు, అనాస పువ్వు వర్గం, ఈ మూడు అతి పాత కొమ్మలకూ కలిపి మిగిలినవి రెండు వందల జాతులకు అటూ ఇటూ మాత్రమే. అందులో ఒకటి మన బిర్యానీలో పడుతోంది. అదే అనాస పువ్వు. దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం వైపు చెట్టు. పేరుకు పువ్వే గానీ అది ఎండిన కాయ. భూతద్దం కింద పెట్టండి. సాధారణంగా ఎనిమిది పడవలు చుట్టూ పేర్చినట్టు ఉంటాయి. ఒక్కో పడవ ఒక్కో ఫలదళం, పక్కదానితో కలిసిపోకుండా దేనికదే. పై అంచున పొడవునా ఒక అతుకు. ఎండాక సరిగ్గా ఆ అతుకు దగ్గరే విచ్చుకుని, లోపల నున్నటి గోధుమరంగు గింజ ఒకటి కనిపిస్తుంది. కొన్ని పడవలు గింజ కట్టక మూసుకునే ఉంటాయి. గింజను చుట్టూ కప్పేసే ఈ మూసి ఉన్న గది, ఇదే పూల మొక్కల అసలు ప్రత్యేకత. సైకస్‌కి, సూదాకు చెట్లకి గింజ బయటే ఉంటుంది. మందారంలోనో టమాటాలోనో ఈ గదులు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి తేడా తెలియదు, ఇందులో ఎనిమిదీ లెక్కపెట్టొచ్చు.

మిగతా దినుసులు త్వరగా: మిరియాలు ఒక పాత కొమ్మ, తమలపాకు దాని సొంత కుటుంబమే. దాల్చినచెక్క, బిర్యానీ ఆకు ఇంకో కొమ్మ. జాజికాయ, జాపత్రి సంపెంగ, సీతాఫలాల వైపు. ఇవన్నీ మాగ్నోలియా వర్గంలోవి. దాల్చినచెక్క కుటుంబానికి మంచి శిలాజమే ఉంది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో దొరికిన బొగ్గు పూలు, మౌల్డీనియా అని 1990లో పేరు పెట్టారు. కేసరాల పుప్పొడి తిత్తులు చిన్న తలుపుల్లా పైకి లేచి తెరుచుకోవడం ఆ కుటుంబం గుర్తు, శిలాజంలోనూ అది కనిపిస్తుంది. లవంగం, జీలకర్ర, షాజీరా, మరాఠీ మొగ్గ మాత్రం ఈ పాత బృందంలోకి రావు, అవి తరవాత విస్తరించిన పెద్ద వర్గానివి. యాలకులు గడ్డి, అరటి వైపు.

సంపెంగ దొరికితే ఇంకా మంచిది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో సీజన్‌లో అడగండి. రేకులన్నీ తీసేస్తే మధ్యలో ఒక పుల్ల మిగులుతుంది, దాని కింది భాగంలో కేసరాలు, పైన ఆకుపచ్చని ఫలదళాలు మెట్లు తిరిగినట్టు అమరి ఉంటాయి. అమెరికాలోని కాన్సాస్‌లో దాదాపు పది కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికిన ఆర్కియాంథస్‌ను 1984లో డిల్చర్, క్రేన్ వర్ణించారు. దాని కాడ మీద నూరుకు పైగా ఫలదళాలు ఇదే తీరులో ఉన్నాయి. రేకులు రాలిపోయిన చోట మచ్చలు కూడా కాడ మీద లెక్కపెట్టగలిగారు. బొగ్గు పూల పక్కన ఇది పెద్ద పువ్వే, కాబట్టి ఆ కాలానికి చిన్నవీ పెద్దవీ రెండూ ఉన్నాయన్నమాట.

కలువ, తామర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాఠం చెప్పేటప్పుడు అందరూ తడబడేది ఇక్కడే. రెండూ నీటిలోనే, రెండూ రేకుల దొంతరలే, గుడిలో రెండిటికీ ఒకే మర్యాద. వంశంలో మాత్రం వాటి మధ్య చాలా దూరం. కలువ అంబొరెల్లా తరవాత విడిపోయిన అతి పాత కొమ్మ. పోర్చుగల్ మట్టిలో కలువ వర్గపు చిన్న పువ్వు దొరికిందని 2001లో ఫ్రీస్ బృందం ప్రకటించింది. తామరకు దగ్గరి చుట్టాలు నీటిలో లేనే లేవు. ఒకటి చినార్ చెట్టు కుటుంబం, ఇంకొకటి మన రోడ్ల పక్కన, బంగళాల ప్రహరీల వెంట పెంచే సిల్వర్ ఓక్ కుటుంబం. పుప్పొడి చూస్తే సందేహం ఉండదు. సంపెంగ లాంటి పాత వర్గాల రేణువుకు సాధారణంగా ఒక చీలిక ఉంటుంది. తామర రేణువుకు మూడు. ఆ మూడు చీలికల రేణువులు దాదాపు 12.5 కోట్ల ఏళ్ల రాళ్లలో మొదటిసారి కనిపిస్తాయి. గులాబీ, వేప, చింత, మామిడి ఉన్న పెద్ద వర్గం ఆ గుర్తుతోనే బయలుదేరింది.

2018లో చైనా నుంచి నాన్‌జింగాంథస్ అని 17 కోట్ల ఏళ్లు దాటిన పువ్వు వచ్చింది కదా అని మీరు ప్రశ్న చివర్లో అడిగారు. అది నిజమైతే కోటాసారస్ నాటికే పూలున్నాయని ఒప్పుకోవాలి. పలకల మీద అణిగిన ముద్రలు అవి. సూదాకు చెట్ల కాయ పొలుసులు ఊడిపోయి నలిగినా అలాగే కనిపిస్తాయని చాలామంది అభ్యంతరం చెప్పారు, నాకూ అదే సబబుగా ఉంది. డీఎన్‌ఏ లెక్కలు పూల వయసును జురాసిక్‌కి, కొన్నిసార్లు ఇంకా వెనక్కి తోస్తాయి, నిజమే. కానీ పుప్పొడి ఎక్కడ? పుప్పొడి రాశుల కొద్దీ రాలుతుంది, రాయిలో సులువుగా నిలుస్తుంది. అది దొరికేదాకా నేను ఒప్పుకోను. ఇంకో మోసగత్తె కూడా ఉంది. జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండల్లో దొరికిన విలియమ్సోనియా అనే శిలాజ మొక్కకు 1932లో మన శిలాజ వృక్ష శాస్త్రజ్ఞుడు బీర్బల్ సాహ్ని మొత్తం మొక్క రూపం ఊహించి కట్టారు. చుట్టూ రేకుల్లాంటి పొలుసులతో అచ్చం పువ్వే అనిపిస్తుంది. కానీ దాని గింజలు గదిలో మూసి లేవు. పువ్వు కాదు.

మన దగ్గర నిజమైన శిలాజ పూలు ఉన్నాయా అంటే, ఉన్నాయి, కాకపోతే తొలి పూలు కావు. దక్కన్ లావా ప్రవాహాల మధ్య చిన్న చిన్న మడుగుల అడుగున పేరుకున్న పొరలున్నాయి. మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా మోహ్‌గావ్ కలాన్‌లో అలాంటి చెకుముకి రాయిలో దొరికిన పువ్వుకు 1944లో శుక్లా అనే శాస్త్రజ్ఞుడు ‘సాహ్నియాంథస్’ అని పేరు పెట్టారు. అక్కడే దొరికిన ఎనిగ్మోకార్పన్ అనే కాయను సాహ్ని అంతకు ముందు ఏడాది వర్ణించారు. తరవాత పోల్చి చూస్తే రెండూ ఒకే మొక్కవని తేలింది. అది గోరింటాకు కుటుంబానికి చెందిందని అంటారు. వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు, డైనోసార్లు పోతున్న కాలం. ఇక్కడ బొగ్గు లేదు, సిలికా నీళ్లు కణాల్లోకి ఇంకి గట్టిపడ్డాయి. అందుకే రాయిని పలచగా కోస్తే కణం కణం కనిపిస్తుంది.

అలాంటి పొరలు హైదరాబాద్‌కి దగ్గరలోనే వికారాబాద్ వైపు ఉన్నాయి. నస్కల్ అనే ఊరి దగ్గర దొరికిన చిన్న దంతాల ఆధారంగా 1988లో డెక్కనోలెస్టిస్ అనే ఎలుకంత క్షీరదాన్ని వర్ణించారు. అనంతగిరికి పిక్నిక్ వెళ్లినప్పుడు కొత్తగా తెగిన రోడ్డు అంచుల్లో నల్లరాతి పొరల మధ్య లేతరంగు పొర కనిపిస్తే ఆగి చూడండి. పగలగొట్టొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, బండ్లగూడలో ఉన్న జియలాజికల్ సర్వే వాళ్లకు చూపించండి.

పిల్లలకు ముందుగా చూపించాల్సింది మాత్రం సీతాఫలం పువ్వు. ఎండాకాలం చివర నుంచి తొలి వానల దాకా పెరట్లో చెట్టుకు ఆకుల కింద వేలాడుతూ ఉంటుంది, ఆకుపచ్చగా ఉండడంతో ఎవరూ చూడరు. మూడు మందపాటి రేకులు విప్పితే లోపల చిన్న గుండు, దాని చుట్టూ కిక్కిరిసిన కేసరాలు, పైన ఫలదళాలు. విచ్చుకోగానే ముందు ఆడ భాగం సిద్ధమవుతుంది, ఆ తరవాతే పుప్పొడి రాలుతుంది. గింజంత పురుగులు ఆ రేకుల మధ్య దూరి తిరుగుతుంటాయి. ఒకే పువ్వును పొద్దున ఒకసారి, మర్నాడు ఒకసారి చూడమనండి, కేసరాల రంగు మారి ఉంటుంది.